అర్జీకి జవాబు ఎక్కడ? సిక్కోలు, విజయనగరం పౌర పోరాటాలపై ఒక సమీక్ష

సోమవారం పొద్దున్నే జిల్లా కేంద్రానికి వచ్చే బస్సుల్లో చేతిలో ప్లాస్టిక్ కవరు పట్టుకున్న మనుషులు కనిపిస్తారు. ఒకసారి నా పక్కన కూర్చున్న పెద్దాయన తన కవరు విప్పి చూపించాడు. పాస్‌బుక్కు జిరాక్సు, ఆధార్ జిరాక్సు, ముద్ర సగమే పడిన ఓ పాత కాగితం, రబ్బరుబ్యాండు చుట్టిన అర్జీ రశీదులు. రశీదులను తేదీల వరసలో పెట్టుకున్నాడు. మొట్టమొదటి దాని మీద సిరా వెలిసిపోయి అంకెలు కనబడడం లేదు. ఆ తేదీ మాత్రం ఆయనకు నోటికి వచ్చు. "కలెక్టర్లు మారిపోనారు బాబూ, నా కాయితం మారనేదు" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. మళ్లీ సోమవారం వస్తానన్న నిశ్చయం ఉంది.

సిక్కోలు అని పిలుచుకునే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మాట వస్తే బయటివాళ్లకు రెండే గుర్తొస్తాయి: వెనకబాటు, తిరుగుబాటు. ఆ రెంటికీ నడుమ, తుపాకీ పట్టకుండా, పదవి అడగకుండా, కాగితం పట్టుకుని నడిచినవాళ్ల చరిత్ర ఇంకొకటి ఉంది. రైతులు, బెస్తలు, కొండ మీది సవరలు, జాతాపులు, ఊళ్లో డాక్టర్లు, బడిపంతుళ్లు నడిపిన చరిత్ర అది. వాళ్లు ఏం అడిగారు? ఏది సాధించారు? ఎక్కడ ఓడిపోయారు? ఎనిమిది తొమ్మిది దశాబ్దాల ఆ లెక్క తీస్తే నాకు తేలింది ఒకటే. ఇక్కడి జనానికి అడగడం చేతకాక కాదు. అడిగినదానికి వేళకు జవాబు రాలేదు. ఇక్కడ నెత్తురు చిందిన చోట్ల వెనక్కి వెళ్లి చూస్తే, ముందు ఓ అర్జీ కనిపిస్తుంది.

లెక్కతో మొదలైన వాదన

సమస్యను గుండెలు బాదుకుని చెప్పడం వేరు, లెక్క కట్టి చూపడం వేరు. ఆ రెండో పద్ధతికి విజయనగరంలో పాత పునాదే ఉంది. అప్పటి విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన కన్యాశుల్కపు పెళ్లిళ్లను విజయనగరం మహారాజు లెక్క తీయించారు. మూడేళ్లలో 1,034 తేలాయి. ఆ వివరాలను గురజాడ తన ‘కన్యాశుల్కం’ నాటకానికి రాసుకున్న ఇంగ్లిషు ముందుమాటలో చెప్పారు. మద్రాసు శాసనసభలో బిల్లు పెట్టినా అది చట్టం కాలేదు. అయితే 1892లో విజయనగరంలో వేదికెక్కిన ఆ నాటకం, చట్టం చేయలేని పనిని జనం మనసుల్లో మొదలుపెట్టింది. లెక్క తీయించినవాడు రాజు కాబట్టి దాన్ని సామాన్యుల ఉద్యమం అనలేం. కానీ అంకె, మాట చేయి కలిపితే ఎంత బలమో ఈ నేల అప్పుడే చూసింది.

ఆ బలాన్ని రైతులు చేతబట్టింది 1937-38లో. ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా రైతు రక్షణ యాత్ర సాగింది. 130 రోజులు, 1,500 మైళ్లకు పైగా నడక. దారి పొడవునా వందల సభలు పెట్టారు, రెండు లక్షలకు మించి రైతులు విన్నారు. శిస్తు, నీరు, అడవి, పచ్చిక, జమీందారు మనుషుల దౌర్జన్యం, ఏ ఊరి గోడు ఆ ఊరిది. అవన్నీ 1,100కు పైగా అర్జీలయ్యాయి. 1938 మార్చి 27న వాటిని మద్రాసు శాసనసభకు అందించారు. అప్పటికి జమీందారీ గ్రామాల సంగతి తేల్చడానికి టంగుటూరి ప్రకాశం అధ్యక్షతన కమిటీ కూడా పని చేస్తోంది. అంటే జనం అడిగారు, ప్రభుత్వం విచారించింది. ఆ తర్వాత జమీందారీల రద్దు చట్టం వచ్చింది ఎప్పుడు? 1948లో. నడుమ పదేళ్లు గడిచాయి.

ఆ పదేళ్లలో ఏం జరిగిందో మందస చెబుతుంది. 1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ జరిగింది. దేశమంతటి నుంచీ రైతు నాయకులు వచ్చారు. బారువలో పుట్టిన గౌతు లచ్చన్న లాంటివాళ్లు ఆ రోజుల్లో ఈ ప్రాంతపు రైతులకు పెద్ద దిక్కు. సభ ముగిసిన కొద్ది రోజులకే, ఏప్రిల్ 1న, మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో పోలీసులు కాల్పులు జరిపారు. తగవంతా అడవిలో కట్టెలు తెచ్చుకునే హక్కు మీద. అరెస్టు చేసిన తమవాళ్లను తీసుకుపోతుంటే ఊరివాళ్లు అడ్డం నిలిచారు. ముందు నిలిచిన సాసుమాన గున్నమ్మ, మరికొందరు రైతులు ప్రాణాలు విడిచారు. ఈ ప్రాంతం ఆమెను వీర గున్నమ్మ అని పిలుచుకుంటుంది. పొయ్యిలోకి పుల్ల తెచ్చుకునే హక్కు గురించి మద్రాసుకు మోసుకెళ్లిన అర్జీల్లోనూ ఉంది. జవాబు ఆలస్యమైతే ఖరీదు ఎవరు కడతారో గున్నమ్మ చావు చూపించింది.

చేతులు కాలాక పట్టుకున్న ఆకులు

కొండ మీది కథ ఇంకా కఠినం. 1950ల చివర పార్వతీపురం ఏజెన్సీలో గిరిజన సంఘం పుట్టింది. వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ బడిపంతుళ్లు. పిల్లలకు అక్షరాలు చెప్పడానికి వెళ్లి, పెద్దల అప్పుపత్రాలు చదివి పెట్టినవాళ్లు. సంఘం అడిగినవి ఈ రోజు చూస్తే గొప్ప విప్లవాలు కావు. అప్పు కింద ఏళ్ల తరబడి చేయించుకునే వెట్టి పోవాలి. పాలేరుకు కూలి పెరగాలి. సంతలో చింతపండుకు, పిప్పలికి తూకం సరిగ్గా ఉండాలి. పోడు కొట్టుకున్న బంజరుకు పట్టా కావాలి. షావుకారు చేతిలోకి పోయిన భూమి తిరిగి రావాలి.

ఈ చివరి కోరికకు అప్పటికే చట్టం ఉంది. ఏజెన్సీ భూముల బదలాయింపును కట్టడి చేసే నిబంధన 1959లోనే వచ్చింది. దాన్ని అమలు చేయడానికి కావలసిన నియమాలు రాసుకున్నది 1969లో. పుస్తకంలో ఉన్న చట్టం నేల మీదకు దిగడానికి పదేళ్లు పట్టింది. ఈలోగా 1967 అక్టోబరు 31న మొండెంఖల్లు సభకు వెళుతున్న గిరిజనులను లేవిడి దగ్గర భూస్వాములు అడ్డగించి కాల్చారు. కోరన్న, మంగన్న చనిపోయారు. కేసు నడిచింది, నిందితులు నిర్దోషులుగా బయటికి వచ్చారు. అర్జీ మీద, కోర్టు మీద నమ్మకం పోయినవాళ్లు 1968 నవంబరులో ఆయుధం పట్టారు. 1970 జులైలో ఆ ఇద్దరు పంతుళ్లూ పోలీసుల చేతుల్లో చనిపోయారు.

అదే 1970లో, ఫిబ్రవరిలో, 1/70 చట్టం వచ్చింది. ఏజెన్సీలో భూమి ఇక గిరిజనులకే చెందాలని, గిరిజనేతరుల చేతిలో ఉన్న భూమి మొదట గిరిజనులదేనని భావించాలని అది చెప్పింది. దేశంలో గిరిజన భూములకు ఇంత గట్టి రక్ష ఇచ్చిన చట్టాలు అరుదు. ఆ ఆకు చేతులు కాలకముందే పట్టుకోవచ్చు కదా! ఆ పదేళ్లలో పోయిన ప్రాణాలు రెండు వైపులా మన పిల్లలవే. సాయుధ పోరాటం గురించి ఎవరి అభిప్రాయం ఏదైనా కావచ్చు. దాని ముందున్న పదేళ్ల శాంతియుత పోరాటాన్ని మాత్రం మనం మరిచిపోయాం. అది నాకు బాధ కలిగిస్తుంది. ఒక సంఘం సంతలో తూకం సరిచేయమని అడిగినప్పుడే విని ఉంటే చరిత్ర ఇంకోలా ఉండేది.

బీల నేర్పిన పాఠం

మన కాలానికి వస్తే, ఈ ప్రాంతపు పౌర ఉద్యమాల్లో లోతుగా చదువుకోదగ్గది సోంపేట. అక్కడి బీల అనే చిత్తడి నేలను చూడనివాళ్లకు దాని విలువ కాగితం మీద అర్థం కాదు. కొండల మీద కురిసిన వాన అందులోకి దిగుతుంది, నిలుస్తుంది, మెల్లగా సముద్రంలో కలుస్తుంది. చుట్టూ ఊళ్ల చేలకు అదే తడి. చేపలు అందులోనే, గొడ్లకు మేత అందులోనే. రైతు, బెస్త, గొల్ల ముగ్గురూ ఒకే చెలమ చుట్టూ బతుకుతారు. రెవెన్యూ పుస్తకంలో మాత్రం అది పనికిరాని ప్రభుత్వ భూమి. 2008లో జీవో 1107తో అందులో 972 ఎకరాలను నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీ తలపెట్టిన 2,640 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రానికి ఇచ్చారు.

జనం రోడ్డెక్కింది ఆ తర్వాత. అంతకుముందే వాళ్లు చదవడం మొదలుపెట్టారు. స్థానిక వైద్యుడు డాక్టర్ వై. కృష్ణమూర్తి తదితరులతో పర్యావరణ పరిరక్షణ సంఘం ఏర్పడింది. కేంద్రంలో విద్యుత్ శాఖ కార్యదర్శిగా పని చేసి విశాఖలో స్థిరపడిన ఇ.ఎ.ఎస్. శర్మ చట్టం తెలిసిన గొంతుగా వెంట నిలిచారు. 2009లో బహిరంగ విచారణలో ఊళ్లకు ఊళ్లే వచ్చి వద్దన్నాయి. అయినా అనుమతి వచ్చింది. అప్పుడు ఒక పక్క రిలే నిరాహార దీక్షల శిబిరం, మరో పక్క ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ముందు కేసు. శిబిరంలో రోజుకొక ఊరు వంతు వేసుకుని కూర్చునేది. వంట ముగించుకుని వచ్చిన ఆడవాళ్లు, వేట నుంచి దిగిన మగవాళ్లు అందులో ఉండేవాళ్లు. కేసు కోసం బీల ఫోటోలు, పంటల వివరాలు, పక్షుల వివరాలు కూడబెట్టారు.

2010 జులై 14న పోలీసు బలగాల అండతో పనులు మొదలుపెట్టబోయారు. జనం అడ్డం నిలిచారు. కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. అదే రోజు ఢిల్లీలో అప్పిలేట్ అథారిటీ ఆ కేంద్రానికి ఇచ్చిన పర్యావరణ అనుమతిని కొట్టివేసింది. ఒక్క రోజు ఆగి ఉంటే ఆ ఇద్దరూ బతికేవారు. ఈ మాట తలచుకున్నప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. సోంపేటలో విద్యుత్ కేంద్రం రాలేదు. బీలలో ఇప్పటికీ నీళ్లున్నాయి.

సంతబొమ్మాళి మండలం కాకరాపల్లి తంపర (అదీ చిత్తడి నేలే) కథ దానికి జోడీయే, ముగింపు మాత్రం అంత తేటగా లేదు. ఈస్ట్ కోస్ట్ ఎనర్జీ సంస్థ 2,640 మెగావాట్లకు పనులు మొదలుపెట్టింది. దగ్గర్లోనే పెలికాన్లు గూళ్లు కట్టే తేలినీలాపురం ఉంది. వడ్డితాండ్ర దగ్గర దీక్షా శిబిరం వెలిసింది. 2011 ఫిబ్రవరి 28న ఇక్కడా కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. కేంద్ర పర్యావరణ శాఖ పనులు ఆపమంది. ఆ తర్వాత పనులు సాగడం, ఆగడం అన్నట్టే గడిచింది. శిబిరం మాత్రం ఏళ్ల తరబడి కొనసాగింది. ఒక తరం ఆడవాళ్లు ఆ పందిరి కిందే ముసలివాళ్లయ్యారు. రెండు చోట్లా వందలమంది కేసులు మోశారు, వాయిదాలకు తిరిగారు. గెలిచిన ఊరికీ అది తప్పలేదు.

నీళ్లు, డోలీ, సముద్రం

అన్ని పోరాటాలూ ప్రాజెక్టుల మీదే కాదు. కొన్నిటిలో శత్రువు కూడా కంటికి కనిపించదు. ఉద్దానం అలాంటిది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం ప్రాంతాల్లో కొబ్బరి, జీడి తోటల నీడన కిడ్నీ జబ్బు పాకింది. సర్వేలు పెద్దవాళ్లలో దాదాపు ఐదో వంతు మందికి కిడ్నీలు దెబ్బతిన్నాయని చెప్పాయి. కారణం ఇదీ అని ఇప్పటికీ గట్టిగా తేలలేదు. ఊళ్లో డాక్టర్లు, విలేఖర్లు, చచ్చిపోయినవాళ్ల ఇళ్లవాళ్లు ఏళ్లపాటు పేర్లు రాసి, లెక్కలు చూపి, అర్జీలు పెట్టారు. 2017లో సినిమా నటుడిగా, పార్టీ అధినేతగా పవన్ కల్యాణ్ వచ్చాకే దేశం అటు తిరిగి చూసింది. తర్వాత డయాలసిస్ కేంద్రాలు, రోగులకు పింఛను వచ్చాయి. 2023 డిసెంబరులో 700 కోట్ల రక్షిత నీటి పథకం, పలాసలో 200 పడకల ఆసుపత్రితో కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. పార్టీలు ఏవైనా, ఆ పని జరిగింది జనం వదలకుండా అడిగినందువల్ల. పెద్ద పేరున్న మనిషి వచ్చేదాకా ఊరి డాక్టరు లెక్కకు విలువ లేకపోవడం మాత్రం మనం సరిచేసుకోవలసిన జబ్బు.

సాలూరు కొండల్లో పోరాటం దారి కోసం. నొప్పులొస్తున్న మనిషిని డోలీ కట్టి కొండ దించడం అక్కడ ఏనాటి నుంచో ఉంది. 2018లో డోలీలో తీసుకెళుతున్న ఒక తల్లి దారిలోనే ప్రసవించింది. ఆ దృశ్యాన్ని కుర్రాళ్లు ఫోనులో తీశారు. ఎన్నో అర్జీలు చెప్పలేనిది ఆ వీడియో చెప్పింది. 2020లో చింతామల ఊరివాళ్లు తలా కొంత వేసుకుని, పలుగూ పారా పట్టి కొండను తవ్వి దారి వేసుకున్నారు. వాళ్ల పట్టుదలకు దండం పెట్టాలి. కానీ దాన్ని మెచ్చుకుని ఊరుకుంటే తప్పు చేసినట్టే. దారి వేయడం సర్కారు పని.

సముద్రం ఒడ్డు గోడు ఇంకొకటి. ఇక్కడ వేట గిట్టక మన బెస్తలు గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి బోట్లలో కూలికి పని చేస్తారు. 2018 నవంబరులో సరిహద్దు దాటారంటూ అలా వెళ్లినవాళ్లలో కొందరిని పాకిస్తాన్ పట్టుకుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కుటుంబాలు నాయకుల చుట్టూ తిరిగాయి. 2020 జనవరిలో 20 మంది వాఘా దాటి ఇంటికి వచ్చారు. ఊరి బెస్తపాలెం అర్జీ రెండు దేశాల మధ్య వ్యవహారం అయిన సందర్భం అది. మా రేవుల్లోనే జెట్టీలు కట్టండి, వలస తప్పించండి అనే పాత కోరికకు ఆ తర్వాత కొత్త బలం వచ్చింది.

విజయనగరం వైపు భోగాపురం విమానాశ్రయానికి 2015లో మొదట 15 వేల ఎకరాల మాట వినిపించింది. జీడి, కొబ్బరి, సరుగుడు తోటల రైతులు ఊళ్లలో అధికారులను నిలదీశారు, హైకోర్టుకు వెళ్లారు. అది 5,311 ఎకరాలకు, చివరికి 2,700 ఎకరాల దాకా దిగింది. విమానాశ్రయం ఆగలేదు, ఆపాలని అందరూ అనుకోలేదు కూడా. అవసరానికి మించిన భూమి మాత్రం రైతులకు మిగిలింది. అదీ గెలుపే. దీనికి ఎదురుగా 2013 సమైక్యాంధ్ర ఉద్యమాన్ని పెట్టి చూడండి. విజయనగరంలో కర్ఫ్యూ పెట్టవలసి వచ్చినంత ఉద్రేకం. ఈ జిల్లాలు చూసిన పెద్ద జనసమూహాల్లో అదొకటి. అయినా 2014 ఫిబ్రవరిలో పార్లమెంటు రాష్ట్ర విభజన బిల్లును ఆమోదించింది. జనం ఎంతమంది వచ్చారన్నదొక్కటే ఫలితాన్ని తేల్చదు.

అవతలి వాదన

వీటికి ఎదురు వాదన బలమైనదే, దాన్ని తీసిపారేయకూడదు. వెనకబడిన జిల్లాలు, ఇంటికొకరు చెన్నైకో హైదరాబాదుకో వలస పోయే ఊళ్లు. పరిశ్రమ వద్దంటే పిల్లలకు పని ఎక్కడ? రణస్థలం మండలం కొవ్వాడలో 1,208 మెగావాట్ల చొప్పున ఆరు అణు రియాక్టర్లు పెడతామన్నప్పుడు ఊళ్లన్నీ ఒకే మాట మీద లేవు. వద్దన్నవాళ్లు ఉన్నారు, మంచి పరిహారం, ఉద్యోగం ఇస్తే లేస్తామన్నవాళ్లూ ఉన్నారు. ఇద్దరి బాధా నిజమే. అయితే ఆ వాదన చేసేవాళ్లు ఒక సంగతి గమనించాలి. సోంపేట జనం కరెంటు వద్దనలేదు. బతుకుతెరువున్న నేలను బంజరని రాసిన కాగితాన్ని తప్పన్నారు. భోగాపురం రైతులు అన్ని ఎకరాలు ఎందుకని అడిగారు. ఆ ప్రశ్నలకు మొదటే జవాబు చెప్పగలిగితే పరిశ్రమా నిలుస్తుంది, ఊరూ నిలుస్తుంది. రెచ్చగొట్టేవాళ్లు వచ్చి చెడగొట్టారనడం తేలిక. ఖాళీ కడుపును, ఖాళీ రశీదును మించి రెచ్చగొట్టేది ఏదీ ఉండదు.

ఏది పని చేసింది

ఇన్ని సందర్భాలు పక్కపక్కన పెడితే గెలిచిన చోట్ల మూడు కలిసి ఉన్నాయి. మొదటిది ఊరు చీలకపోవడం. సోంపేటలో రైతు, బెస్త ఒకే శిబిరంలో కూర్చున్నారు. రెండోది లెక్క. 1,100 అర్జీలైనా, బీల ఫోటోలైనా, ఉద్దానం రోగుల పేర్లైనా, చూపడానికి చేతిలో ఆధారం ఉంది. మూడోది చట్టం చదివిన స్నేహితుడు. పంతులు కావచ్చు, డాక్టరు కావచ్చు, పదవీ విరమణ చేసిన అధికారి కావచ్చు. మూడింటిలో ఒకటి లోపించిన చోట ఉద్యమం నాయకుడి పార్టీ మారగానే చల్లబడింది, లేదా పరిహారం బేరంగా మిగిలింది.

ఇది మన ఒక్కరి అనుభవమూ కాదు. బ్రిటన్‌లో చార్టిస్టులనే పేరుతో కార్మికులు ఓటు హక్కు కోసం పార్లమెంటుకు అర్జీలు పెట్టారు. 1839లో మొదటిదాన్ని సభ తోసిపుచ్చిన కొన్ని నెలలకే న్యూపోర్టులో కాల్పులు జరిగి ఇరవైమందికి పైగా చనిపోయారు. 1842లో 33 లక్షల సంతకాలతో మళ్లీ వెళ్లారు, మళ్లీ తోసిపుచ్చారు. వాళ్లు అడిగిన ఆరింటిలో ఐదు తర్వాతి కాలంలో చట్టాలయ్యాయి. ఇప్పుడు అక్కడ ఆన్‌లైన్ అర్జీకి 10 వేల సంతకాలు వస్తే ప్రభుత్వం జవాబు రాస్తుంది. లక్ష దాటితే చర్చకు పెట్టాలా అని పార్లమెంటు పరిశీలిస్తుంది. అడిగినవన్నీ ఇచ్చేస్తారని కాదు. ఇవ్వకపోతే ఎందుకివ్వడం లేదో రాసి చెబుతారు. ఆ మర్యాదే పౌరుడికి దక్కవలసిన మొదటి హక్కు.

మన దగ్గరా ద్వారాలు తక్కువేం లేవు. సమాచార హక్కు చట్టం 2005లో, అటవీ హక్కుల చట్టం 2006లో, భూసేకరణ చట్టం 2013లో వచ్చాయి. ఏజెన్సీలో గ్రామసభకు పెసా చట్టం అధికారం ఇచ్చింది. సోమవారం గ్రీవెన్సు పేరు మారుతూ వచ్చింది, స్పందన అన్నారు, ఇప్పుడు ప్రజా సమస్యల పరిష్కార వేదిక. అర్జీ ఇచ్చిన వెంటనే ఫోనుకు మెసేజీ వస్తుంది. కొన్ని వారాలకు పరిష్కరించామని ఇంకో మెసేజీ. నేల మీద ఏమీ మారదు. అందుకే అడగవలసింది కొత్త పథకం కాదు. ప్రతి అర్జీకీ గడువులోగా, కారణాలతో, సంతకం పెట్టిన జవాబు రావాలి. అర్జీదారు ఒప్పుకుంటేనే పరిష్కారమైనట్టు రాయాలి. బహిరంగ విచారణలో జనం చెప్పిన ప్రతి అభ్యంతరానికీ ఎందుకు ఒప్పుకున్నారో, ఎందుకు కాదన్నారో అనుమతి పత్రంలో ఉండాలి. కేసు నడుస్తున్న భూమిలోకి తీర్పు వచ్చేదాకా పోలీసు బలగం అడుగు పెట్టకూడదు. ఈ చివరి నియమం 2010 జులైలో ఉండి ఉంటే సోంపేటలో ఆ ఇద్దరూ ఇంటికి వెళ్లేవారు.

మన వైపు నుంచీ చేయవలసింది ఉంది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడిగిన సంగతి రాసి పెట్టుకోకపోతే అడగనట్టే అవుతుంది. గ్రామసభ తీర్మానాల పుస్తకం ఎవరి ఇంట్లో ఉందో ప్రతి ఊరూ తెలుసుకోవాలి, దాన్ని నింపాలి, నకలు తీసి దాచుకోవాలి. చదువుకుని ఊరు దాటిన పిల్లలు పండక్కి వచ్చినప్పుడు ఆ కాగితాలు ఒక్కసారి చదివి పెట్టాలి.

1938లో ఇచ్ఛాపురం గోడు మద్రాసు చేరడానికి 130 రోజులు కాళ్లు అరగాలి. ఇవాళ అర్జీ ఒక్క పూటలో అమరావతికీ, ఢిల్లీకీ చేరుతుంది. బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన రశీదుల్లో మొదటిదాని సిరా వెలిసిపోయింది. చివరిదాని సిరా వెలిసిపోకముందే, అవునని గానీ కాదని గానీ, ఎందుకో చెబుతూ, సంతకంతో ఒక కాగితం ఆయన ఇంటికి రావాలి. ఈ రెండు జిల్లాలు తొంభై ఏళ్లుగా అడుగుతున్నది అదే.